పాత జిప్సీ ముందు యాక్సిల్: లక్షణం, కారణం, పరిష్కారం

మారుతి జిప్సీ 1985 చివర్లో 970 సీసీ ఇంజన్‌తో రోడ్డెక్కింది. 1996లో 1.3 లీటర్ల జిప్సీ కింగ్ వచ్చింది. 2000 నాటికి ఎంపీఎఫ్‌ఐ (ప్రతి సిలిండరుకూ విడిగా ఇంధనం చిమ్మే) ఇంజన్‌తో 80 హార్స్‌పవర్‌కు చేరింది. ఇంజన్ ఇలా ఎదుగుతూ పోయినా ముందు యాక్సిల్ (ముందు చక్రాల ఇరుసు) డిజైన్ మాత్రం దాదాపు పాతదే. బండి బరువు టన్నుకు అటూ ఇటూ, కాబట్టి కంపెనీ టైర్లతో ఆ యాక్సిల్‌కు ఏ ఢోకా లేదు. టైరు మార్చిన దగ్గర్నుంచే కథ మొదలవుతుంది.

జిప్సీ కింగ్‌కు కంపెనీ ఇచ్చిన 205/70 ఆర్15 టైరు ఎత్తు సుమారు 26.3 అంగుళాలు. దాని స్థానంలో 31 అంగుళాల మడ్ టైరు వేస్తే ఎత్తు 18 శాతం దాకా పెరుగుతుంది. నేల మీద అంతే పట్టు దొరికినా, టైరు జారేలోపు చక్రాన్ని తిప్పే షాఫ్టు మోయాల్సిన టార్క్ (తిప్పే బలం) కూడా అంతే పెరుగుతుంది. మడ్ టైరుకు పట్టు ఎక్కువ, బరువు ఎక్కువ, అది వేరే లెక్క. విరిగిన పార్టు చేత్తో పట్టుకుని షాపుకెళ్లి "ఇంతకన్నా గట్టిది ఉందా అన్నా?" అని అడుగుతాం. దాన్ని గట్టిపరిస్తే తర్వాత విరిగేది ఏది, దాని ఖరీదెంత అన్నది ముందే తేల్చుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

ఫుల్ కటింగ్‌లో (స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు) టకటక, ఆ తర్వాత ఒక్కసారిగా ఢాం

నూటికి తొంభై పాళ్లు ఇది బర్ఫీల్డ్ జాయింటే. మన మెకానిక్‌లు సీవీ జాయింట్ అంటారు. ముందు చక్రం తిరగాలి, అదే సమయంలో పక్కకు మళ్లాలి కూడా. ఆ రెండు పనులూ చేసేది నకిల్ (యాక్సిల్ చివర చక్రంతో పాటు పక్కకు మళ్లే గుండ్రటి గూడు) లోపల దాక్కున్న ఈ గంట ఆకారపు కప్పు, అందులోని ఆరు బాల్స్. స్టీరింగ్ నేరుగా ఉన్నప్పుడు బరువును ఆరూ పంచుకుంటాయి. పూర్తిగా కోసినప్పుడు భారమంతా కొన్నిటి మీదే పడుతుంది. చక్రం రాయికి ఆనుకుని ఆగిపోయింది, గేరు ఫోర్‌వీల్ లో రేంజిలో (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా లాగే గేరులో) ఉంది, కాలు యాక్సిలరేటర్ మీద ఉంది. ఈ మూడూ కలిస్తే కప్పు అంచు పగులుతుంది, లేదంటే బాల్స్‌ని పట్టి ఉంచే కేజ్ ముక్కలవుతుంది. ఎత్తు మీద ఆగిపోయి రివర్స్‌లో గట్టిగా లాగినప్పుడు విరిగేవి కూడా ఎక్కువే.

పూర్తిగా విరగకముందే పట్టుకోవచ్చు. మెత్తటి మట్టి నేల మీద ఫోర్‌వీల్ వేసి, ఒకవైపు పూర్తిగా కోసి మెల్లగా నడిపించండి, తర్వాత రెండోవైపు. శబ్దం ఏ పక్క నుంచి వస్తే ఆ పక్క జాయింట్ తీయించండి. తీశాక గ్రీజు పైపైన తుడిచి సరేనంటే కుదరదు. కిరసనాయిలుతోనో డీజిల్‌తోనో కడిగి, ఆరబెట్టి, కప్పు మూతి చుట్టూ వెలుతురులో తిప్పి చూడాలి. వెంట్రుకవాసి గీత ఒకటి అంచు నుంచి లోపలికి దిగుతూ కనిపిస్తే ఆ జాయింట్ పని అయిపోయినట్టే. బాల్స్ దొర్లే గాళ్లలో వేలు పెడితే గుంట తగలకూడదు. కేజ్ కిటికీల మూలలు కూడా చూడండి, పగులు చాలాసార్లు అక్కడే పుడుతుంది.

ఇక మందు. 28 అంగుళాల లోపు టైరు, ఓపెన్ డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే మామూలు గేర్ల పెట్టె) ఉంటే మంచి ఒరిజినల్ జాయింటు, కొత్త గ్రీజు చాలు. అంతకు మించి వెళ్లాలంటే క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన గట్టి) స్టీలుతో చేసిన జాయింట్లు, షాఫ్టులు బయట దొరుకుతాయి. కొనేటప్పుడు జాయింటొక్కటే కాకుండా లోపలి షాఫ్టుతో కలిపి సెట్టుగా తీసుకోండి. జాయింటు మాత్రమే గట్టిదైతే తర్వాతి దెబ్బ షాఫ్టు పళ్ల దగ్గర పడుతుంది. పాత 970 సీసీ నారో ట్రాక్ (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం తక్కువున్న) బండికీ, కింగ్ వైడ్ ట్రాక్ బండికీ షాఫ్టుల పొడవులు వేరు. నంబరు చూసుకోకుండా ఆర్డర్ పెట్టొద్దు. విరిగిన షాఫ్టును లేత్ షాపులో వెల్డింగ్ పెట్టి తిప్పిస్తామనే వాళ్లు విజయవాడ ఆటోనగర్‌లోనూ ఉంటారు, ఇంకెక్కడైనా ఉంటారు. హీట్ ట్రీట్‌మెంట్ పోయిన షాఫ్టు ఇంటికి చేరుస్తుందేమో గానీ కొండ ఎక్కించదు.

ముందు డిఫరెన్షియల్‌కు లాకర్ (రెండు చక్రాలనూ కలిపి ఒకే వేగంతో తిప్పే పరికరం) వేసిన వాళ్లకు ఇంకో మాట. ఓపెన్ డిఫ్‌లో ఒక చక్రం జారితే రెండోదానికి వెళ్లే టార్క్ కూడా అక్కడే ఆగుతుంది, షాఫ్టుకు అదొక రక్షణ. లాకర్ వేశాక పట్టున్న ఒక్క చక్రం మీదకే మొత్తం వెళ్లొచ్చు. అందుకే లాకర్ వేసుకుని ఫుల్ కటింగ్‌లో యాక్సిలరేటర్ తొక్కకూడదు, ఏ స్టీలుతో చేసిన షాఫ్టయినా సరే.

అడవిలో విరిగితే అలాగే నడిపేయాలనుకోకండి. ముక్క నకిల్‌లో అడ్డం పడితే స్టీరింగే బిగుసుకుపోతుంది. హబ్బు (చక్రం బిగించే భాగం), స్పిండిల్ (హబ్బు తిరిగే బోలు కడ్డీ) విప్పి షాఫ్టూ ముక్కలూ బయటికి తీయండి. షాఫ్టు లేని బోలులోంచి డిఫ్ ఆయిల్ నకిల్‌లోకి కారుతుంది కాబట్టి ఆ రంధ్రానికి గట్టి గుడ్డ కుక్కి, స్పిండిల్, హబ్బు మళ్లీ బిగించి, టూవీల్‌లో మెల్లగా ఇంటికి రావచ్చు.

నకిల్ గుండు నుంచి నల్లటి జిడ్డు కారుతోంది

గ్రీజు చిక్కగా కారితే బయటి సీలు, ఫెల్ట్ (ఉన్ని పట్టీ) అరిగాయి. సాంబారులా పలచగా కారితే సంగతి వేరు: యాక్సిల్ లోపలి ఆయిల్ సీలు పోయి గేరాయిల్ గ్రీజులో కలుస్తోంది. బయటి సీలు ఎన్నిసార్లు మార్చినా ఆగదు. లోపలి సీలు మార్చి, నకిల్ మొత్తం కడిగి, మాలిబ్డినం గ్రీజు నింపాలి.

సీలు వేసిన కొన్నాళ్లకే మళ్లీ కారితే యాక్సిల్ హౌసింగ్ మీదుండే బ్రీదర్ (లోపలి గాలి వచ్చిపోయే చిన్న రంధ్రం) చూడండి. బురదతో మూసుకుపోతే, వేడెక్కిన గాలికి దారిలేక ఆయిల్‌ను సీళ్ల మీదకు నెడుతుంది. వాగులో దిగినప్పుడు దీనికి తలకిందులు జరుగుతుంది: వేడి యాక్సిల్ ఒక్కసారి చల్లబడి నీళ్లు లోపలికి పీలుస్తుంది, ఆయిల్ పాలలా మారుతుంది. ఒక రబ్బరు పైపు వేసి బ్రీదర్‌ను ఇంజన్ గది పైదాకా తీసుకెళ్లండి. ఈ బండికి చేయించగల పనుల్లో ఇంత చవకైనది, ఇంత ఉపయోగపడేది ఇంకోటి లేదు.

ఫోర్‌వీల్‌లో ముందు నుంచి గుయ్‌మనే మోత, లేదా కటకట

ఇది క్రౌన్, పినియన్: డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్లచక్రం, దాన్ని తిప్పే చిన్నది. ముందుకు లాగేటప్పుడు ముందు యాక్సిల్ క్రౌన్ పళ్లు బలహీనమైన వైపు నుంచి భారం మోస్తాయి. జాయింట్లను క్రోమోలీ చేశాక తర్వాత విరిగేది ఇదే అవుతుంది, ఖర్చు కూడా దీనిదే ఎక్కువ. అందుకే 31 అంగుళాల టైరు వేసి అన్నీ గట్టిపరచుకుంటూ పోవడం నాకు నచ్చదు. 29, 30 దగ్గర ఆగి, జాయింటును ఫ్యూజులా వదిలేసి, స్పేర్ ఒకటి డిక్కీలో పెట్టుకునే వాళ్లే సుఖంగా తిరుగుతున్నారు. ఆయిల్ వంచి చూస్తే డ్రెయిన్ బోల్టుకు పొడి అంటితే ఫరవాలేదు, పలుకులు తగిలితే విప్పాల్సిందే. మార్చేటప్పుడు ముందూ వెనకా ఒకే రేషియో (క్రౌన్, పినియన్ పళ్ల నిష్పత్తి) ఉండాలి. ఇంకో బండి నుంచి తెచ్చినప్పుడు పళ్లు లెక్కపెట్టండి.

పెద్ద టైరుకు ఇంకో చిక్కు చట్టంతో. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా మార్పులు కుదరవు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 15 ఏళ్లు దాటిన బండిని రెన్యూవల్‌కు తీసుకెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

60 దాటితే స్టీరింగ్ గజగజ

చక్రం పైకెత్తి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడుతుంటే ఇంకొకరిని బ్రేక్ తొక్కి పట్టుకోమనండి. ఆట ఆగిపోతే వీల్ బేరింగు, ఆగకపోతే కింగ్‌పిన్ బేరింగు (నకిల్ పక్కలకు మళ్లడానికి పైనా కిందా ఉండే బేరింగు). కింగ్‌పిన్ బిగువు షిమ్‌లతో (పల్చటి రేకులతో) కుదురుతుంది: సీలు తీసేసి, నకిల్ చివర స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగితే 1 నుంచి 1.8 కిలోల మధ్య కదలాలి. చాలా చోట్ల చేత్తో తిప్పి "సరిపోయింది" అంటారు, త్రాసు అడిగి తెప్పించుకోండి. బేరింగులు మార్చకుండా స్టీరింగ్ డ్యాంపర్ (వణుకును అణిచే షాక్ అబ్జార్బర్ లాంటిది) వేస్తే జబ్బు కొన్నాళ్లు దాక్కుంటుంది, అంతే. రెండు ముందు చక్రాలనూ కలిపే టై రాడ్ రాయికి తగిలి వంగిందేమో కూడా చూడాలి.

లిఫ్ట్ చేయించాక వణుకు, యూజే క్రాసులు (ప్రొపెల్లర్ షాఫ్టు చివరి జాయింట్లు) తరచూ పోవడం

కమాన్ పట్టీల మీద ఉన్న యాక్సిల్‌ను బాడీ నుంచి ఇంకా దించి బండిని ఎత్తు చేస్తే, యాక్సిల్‌కు శక్తి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం పెరుగుతుంది. పట్టీలకూ యాక్సిల్‌కూ మధ్య ఏటవాలు ముక్క పెట్టి పినియన్ మూతి పైకి లేపితే క్రాసులకు హాయి, కానీ యాక్సిల్ తిరగడంతో క్యాస్టర్ (కింగ్‌పిన్ వెనక్కి వాలిన కోణం) తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది. రెండూ కావాలంటే నకిల్ గుండును కోసి తిప్పి వెల్డ్ చేయించాలి, అది అందరు వెల్డర్లూ చేయగలిగేది కాదు. మామూలు వాడకానికి 2 అంగుళాలు దాటకపోవడం మేలు.

లిఫ్ట్ లేకుండానే వణుకుతుంటే గేర్‌బాక్సు నుంచి ట్రాన్స్‌ఫర్ కేసుకు (శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టెకు) వెళ్లే పొట్టి షాఫ్టును, ట్రాన్స్‌ఫర్ కేసును వేలాడదీసే రబ్బరు మౌంట్లను చూడండి. ఒక మౌంటు చిరిగితే క్లచ్ వదిలినప్పుడల్లా కింద దబ్బుమంటుంది, లో రేంజి లివర్ కూడా తనంతట తాను బయటికి వచ్చేస్తుంది. అందరూ ముందు గేర్‌బాక్సు విప్పుతారు. జాకీ పెట్టి ట్రాన్స్‌ఫర్ కేసును అర అంగుళం ఎత్తితే చిరిగిన రబ్బరు నోరు తెరుచుకుని కనిపిస్తుంది.

తారు రోడ్డు మీద ఫోర్‌వీల్ వేసి తిప్పితే బండి బిగుసుకుపోవడం మాత్రం రోగం కాదు. ముందు, వెనక యాక్సిళ్లను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ జిప్సీకి లేదు. టూవీల్‌కు మార్చి కొంచెం వెనక్కి నడిపితే వదులుతుంది.