హెల్త్ క్యాంపులు పెట్టే సంఘానికి 12ఏ, 80జీ: దరఖాస్తు ఆగిపోయేది ఎక్కడంటే

పోయిన నెల ఒక పాస్టర్ గారు, ఇద్దరు యూత్ కుర్రాళ్ళు ఫైలు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. చుట్టుపక్కల పల్లెల్లో బీపీ, షుగర్ పరీక్షలు చేస్తారు. వేసవిలో పిల్లలకు ట్యూషన్లు, సాయంత్రం వాలీబాల్. మూడేళ్ళ క్రితం సొసైటీ రిజిస్టర్ చేయించుకున్నారు. ఇప్పుడు ఆదాయపు పన్ను శాఖ నుంచి 80జీ దరఖాస్తు తిరస్కరించినట్టు ఆర్డరు వచ్చింది. మధ్యలో ఏజెంటుకు 45 వేలు ముట్టాయి.

బైలా, అంటే సంఘం నియమావళి, తీసి చదివాను. నాలుగో పేజీలో ఎక్కడో వేరే జిల్లాలోని ఊరి పేరుంది. "ఇదే ఊరండీ?" అనడిగితే పాస్టర్ అయ్యగారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. "మనది కాదు బాబూ" అన్నారు. సంతకం మాత్రం ఆయనదే, ప్రతి పేజీ కిందా ఉంది.

ఇలాంటి ఫైళ్ళు చాలా చూశాను కాబట్టి విధానం ఒకచోట రాస్తున్నాను. తేలికైన మెట్లు గబగబా దాటేద్దాం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సంఘాలకు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే వర్తిస్తుంది. కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. మెమోరాండం (సంఘం పేరు, ఉద్దేశాలు రాసే పత్రం), బైలా, సభ్యుల గుర్తింపు కార్డులు, ఆఫీసు చిరునామాకు రుజువు పెట్టి జిల్లా రిజిస్ట్రార్‌కు దరఖాస్తు చేయాలి. చలానా ఎంతో ప్రభుత్వం చెప్పిందే కట్టాలి, రసీదు అడిగి తీసుకోండి. సర్టిఫికెట్ వచ్చాక సంఘం పేరు మీద పాన్, తర్వాత బ్యాంకు ఖాతా. స్వచ్ఛంద సంస్థల వివరాలుండే నీతి ఆయోగ్ వారి ఎన్జీవో దర్పణ్ పోర్టల్‌లో నమోదు ఉచితం. దానికి ఎవరైనా ఐదు వేలు అడిగితే అది వాళ్ళ టైపింగ్ చార్జీ అనుకోండి, ప్రభుత్వ ఫీజు మాత్రం కాదు. ఏటా సర్వసభ్య సమావేశం అయ్యాక 15 రోజుల్లో కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు.

ఇక ఆదాయపు పన్ను శాఖ. 12ఏ ఉంటే సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు దొరుకుతుంది. 80జీ ఉంటే మీకు విరాళం ఇచ్చినవాళ్ళకు పన్ను తగ్గుతుంది. రెండింటికీ దరఖాస్తు ఈ-ఫైలింగ్ పోర్టల్‌లోనే, ప్రభుత్వ ఫీజు ఏమీ లేదు. కార్యక్రమాలు ఇంకా మొదలుపెట్టని సంఘానికి మొదట ఇచ్చేది తాత్కాలిక రిజిస్ట్రేషన్, మూడేళ్ళకు. ఇన్నాళ్ళూ దీనికి ఫారం 10ఏ, రెండో దశకు 10ఏబీ అనేవారు. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి నంబర్లు మారతాయి. అందుకని నంబరు బట్టీ పట్టకండి, పోర్టల్‌లో ఫారం పేరు చదవండి. జనం మాత్రం ఇంకో పదేళ్ళు 12ఏ, 80జీ అనే అంటారు, నేనూ అలాగే రాస్తున్నాను.

తాత్కాలిక రిజిస్ట్రేషన్ పెద్ద ప్రశ్నలేమీ లేకుండా వచ్చేస్తుంది. ఏజెంటు కాగితం చేతిలో పెట్టి, మిగతా డబ్బు తీసుకుని వెళ్ళిపోతాడు. పని అయిపోయిందని అందరూ కేకు కోస్తారు. అసలు పరీక్ష రెండో దశలో ఉంది. కార్యక్రమాలు మొదలైన ఆరు నెలల్లోపు, లేదా మూడేళ్ళ గడువు ముగియడానికి కనీసం ఆరు నెలల ముందు, ఏది ముందైతే అప్పుడు మళ్ళీ దరఖాస్తు చేయాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఫైళ్ళూ హైదరాబాద్‌లోని ఎగ్జెంప్షన్స్ (పన్ను మినహాయింపుల) కమిషనర్ దగ్గరికి వెళ్తాయి. అక్కడ మొదట చూసేది మీ ఫొటోలూ కాదు, లెటర్‌హెడ్డూ కాదు. బైలాలో, మెమోరాండంలో 'ఉద్దేశాలు' అనే భాగం చూస్తారు.

అయ్యగారి ఫైల్లో ఉద్దేశం నంబరు ఒకటి ఇలా ఉంది: "క్రైస్తవుల ఆత్మీయ, సామాజిక అభివృద్ధి కొరకు, సువార్త వ్యాప్తి కొరకు, వైద్య శిబిరములు మరియు యువజన కార్యక్రమములు నిర్వహించుట." ఒక్క వాక్యంలోనే ఫైలు పడిపోయింది.

ఎందుకో చెబుతాను. 80జీ కావాలంటే సంస్థ ఏదో ఒక మతం వాళ్ళ కోసమో, ఒక కులం కోసమో అని రాసి ఉండకూడదు. ఉద్దేశాలు పూర్తిగా గానీ ప్రధానంగా గానీ మతపరమైనవి కాకూడదు. మతపరమైన ఖర్చు ఆ ఏడాది ఆదాయంలో 5 శాతం మించకూడదు. ఈ నియమాలు అన్ని మతాలకూ ఒకటే, గుడి ట్రస్టులూ ఇక్కడే తడబడతాయి. పేదలకు సాయం, చదువు, వైద్యం అనేవి చట్టంలో ధర్మకార్యాలుగా పేర్లతో సహా ఉన్నాయి. వైద్య శిబిరం నిస్సందేహంగా వాటి కిందకు వస్తుంది. కానీ 'క్రైస్తవుల కొరకు' అనే మాట దాని ముందు చేరితే, పల్లెలో అందరికీ బీపీ చూసినా కాగితం మీద ఒక్క మతానికే చూసినట్టు.

పేరులో క్రీస్తు ఉంటే రాదు అని భయపెట్టేవాళ్ళున్నారు. పేరు ఒక్కటే కారణంగా చేసుకుని భయపడొద్దు. సంఘం క్రైస్తవులు నడపడం వేరు, క్రైస్తవులకే నడపడం వేరు. అమెరికా డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది క్రైస్తవ మిషన్ తరఫునే. ఆమె కట్టిన ఆస్పత్రి గడప అన్ని మతాల ఆడవాళ్ళూ ఎక్కారు. బైలాలో రాయాల్సింది ఆ సంగతే. నేను అయ్యగారికి సూచించిన వాక్యాలివి: "కుల, మత, లింగ భేదం లేకుండా పేదలకు ఉచిత వైద్య పరీక్షలు నిర్వహించుట, మందులు అందించుట, రోగులను ప్రభుత్వ ఆస్పత్రులకు చేర్చుట." యువజన కార్యక్రమాలు అని ఊరికే వదిలేస్తే ఆఫీసరు ఏమైనా అనుకోవచ్చు. అందుకే విడమరిచి రాశాం: "యువతకు చదువులో, వృత్తి నైపుణ్యాల్లో, ఆటల్లో శిక్షణ, మత్తు పదార్థాల వల్ల కలిగే హానిపై అవగాహన." సంఘం మూతపడితే మిగిలిన ఆస్తి సభ్యులు పంచుకోరు, ఇలాంటి ఉద్దేశాలున్న మరో సంస్థకే చెందుతుంది అనే నిబంధన కూడా ఉండాలి. కాపీ కొట్టిన బైలాల్లో ఇది తరచూ కనిపించదు.

ఇక్కడ ఒక మాట మెల్లగా చెబుతున్నాను. కాగితం మీద మాట మార్చి, పని మాత్రం పాత పద్ధతిలోనే చేద్దామనుకుంటే అది ఇంకా ప్రమాదం. రెండో దశలో వోచర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్, కార్యక్రమాల నోట్ అడుగుతారు. మందుల బిల్లుల మధ్య ప్రార్థన కూటాల షామియానా బిల్లు ఉంటే దొరికిపోతారు. ఆరాధన ఖర్చు చర్చి కానుకల పెట్టెది, క్యాంపు ఖర్చు సొసైటీ ఖాతాది. రెండు పుస్తకాలు, రెండు ఖాతాలు. ఆరాధనా, సేవా రెండూ పెద్దగా సాగుతుంటే సేవకు విడిగా సొసైటీ పెట్టుకోవడమే మంచిది. క్యాంపు చర్చి హాల్లో పెడితే తప్పా అని యూత్ అబ్బాయి అడిగాడు. నా ఉద్దేశంలో హాలు సమస్య కాదు, లోపలికి ఎవర్ని రానిచ్చారన్నదే సమస్య. రోగుల రిజిస్టర్లో అన్ని వీధుల పేర్లూ ఉంటే అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

పాత బైలా మార్చుకోవచ్చు. సర్వసభ్య సమావేశానికి నోటీసు ఇచ్చి, ప్రత్యేక తీర్మానం చేసి, రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేసి, సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి. ఆ తర్వాతే పన్ను శాఖకు దరఖాస్తు. ఇప్పటికే 12ఏ ఉన్నవాళ్ళు ఉద్దేశాలు మారిస్తే 30 రోజుల గడువుతో మళ్ళీ దరఖాస్తు పెట్టాల్సి రావచ్చు. తీర్మానానికి ముందే ఆడిటర్‌ని అడగండి. తిరస్కరణ ఆర్డరు వచ్చినవాళ్ళు దాన్ని బీరువాలో పెట్టి కూర్చోవద్దు. ఆదాయపు పన్ను అప్పీళ్ళ ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు, బెంచీలు హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ ఉన్నాయి, కానీ దానికీ గడువుంది.

అయ్యగారి ఆర్డర్లో రెండో కారణం కూడా రాశారు: రెండు నోటీసులు పంపినా జవాబు లేదు. "మాకు ఒక్క ఉత్తరం కూడా రాలేదన్నా" అని కుర్రాళ్ళు ఒట్టేసి చెప్పారు. నిజమే, వాళ్ళకు రాలేదు. పోర్టల్‌లోకి వెళ్ళి ప్రొఫైల్ చూస్తే మొబైల్ నంబరూ ఈ-మెయిలూ ఏజెంటువి. నోటీసులన్నీ ఆయన ఇన్‌బాక్స్‌లో చదవకుండా పడి ఉన్నాయి. పాస్‌వర్డ్ కూడా ఆయన దగ్గరే. కాబట్టి దీన్ని చదివేవాళ్ళు ఎవరైనా ఏజెంటుతో పని చేయించుకుని ఉంటే, ముందు సంఘం లాగిన్ తెరిచి చూడండి. నంబరు అధ్యక్షుడిదో కార్యదర్శిదో కావాలి. పెండింగ్ పనుల పేజీ వారానికోసారి చూడాలి. ఏజెంటును పెట్టుకోవడం నేరం కాదు, ఇంటి తాళం కూడా ఇచ్చెయ్యడమే తెలివితక్కువ.

విదేశీ విరాళాల ఊసెత్తకుండా ఇలాంటి మాటలు ముగియవు. వాటిని తీసుకోవడానికి కావాల్సిన రిజిస్ట్రేషన్‌ను ఎఫ్‌సీఆర్‌ఏ అంటారు. "ఎఫ్‌సీఆర్‌ఏ మూడు నెలల్లో తెప్పిస్తాను" అనేవాణ్ణి నమ్మకండి. సాధారణంగా సంఘానికి మూడేళ్ళ వయసుండాలి, ఆ మూడేళ్ళలో తన కార్యక్రమాల మీద 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. వచ్చే డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. మన ఊరివాళ్ళు అమెరికాలో ఉన్నారు కదా, వాళ్ళు పంపితే? ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి ఇస్తే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు ఇచ్చేది) ఇస్తే విదేశీ విరాళమే. ఒకే ఇంట్లో అన్న ఇవ్వొచ్చు, తమ్ముడు ఇవ్వకూడదు అన్నట్టుంటుంది. రసీదు రాసే ముందు పాస్‌పోర్టు ఏదో అడగడానికి మొహమాటపడకండి. స్వదేశీ విరాళమైనా రెండు వేలు దాటి నగదుగా తీసుకుంటే దాతకు 80జీ మినహాయింపు రాదు.

క్యాంపుల గురించి కూడా ఒకటి. షుగర్ పరీక్షకు వేలు గుచ్చిన సూదులు, రక్తం అంటిన దూది చెత్తబుట్టలో వెయ్యకూడదు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాలు వైద్య శిబిరాలకూ వర్తిస్తాయి. ముందే ఏదైనా ఆస్పత్రితో మాట్లాడుకుంటే వాళ్ళ వ్యర్థాలతో పాటు పంపేస్తారు. క్యాంపు సంగతి జిల్లా వైద్య ఆరోగ్య శాఖకు ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి, ఆ కాపీ ఫైల్లో పెట్టుకోండి. రెండో దశలో అదీ పనికొస్తుంది.

అయ్యగారి ఫైలు ప్రస్తుతం సర్వసభ్య సమావేశం దగ్గర ఉంది. కొత్త బైలా సంతకాలకు ముందు అందరికీ చదివి వినిపించమన్నాను. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక యూత్ అబ్బాయి చదువుతుంటే, మూడో పేజీలో ఒక పెద్దావిడ ఆపి, కోశాధికారి అంటే ఎవరు, లెక్క ఎన్నాళ్ళకోసారి చూపిస్తారు అని అడిగిందట. జవాబు బైలాలో లేదు. ఇప్పుడు ఆ లైను కూడా రాస్తున్నాం.