గిటార్ విప్పే ముందు: హమ్ పట్టుకోవడంలో జాగ్రత్తలు

ఎలక్ట్రిక్ గిటార్ హమ్మంటోందని వెంటనే స్క్రూడ్రైవర్ అందుకోకండి. ముందు యాంప్‌లోంచి (శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) కేబుల్ తీసేసి వినండి. రొద అలాగే ఉంటే గిటార్ తప్పేమీ లేదు. ఆగిపోతే, శబ్దాన్ని మార్చే పెడళ్లన్నీ పక్కనపెట్టి, మంచిదని తెలిసిన కేబుల్‌తో గిటార్‌ను నేరుగా యాంప్‌కి కలిపి చూడండి. చాలాసార్లు దొంగ ఇక్కడే దొరికిపోతాడు: పాత కేబుల్, లేదా పెడళ్లన్నిటికీ కలిపి వాడే ఒకే అడాప్టర్.

ఒక్క పని మాత్రం ఎప్పుడూ చేయొద్దు. హమ్ తగ్గుతుందని యాంప్ ప్లగ్ ఎర్త్ పిన్ను తీసేయకండి. గిటార్ తీగలు బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం), కేబుల్ మీదుగా యాంప్ ఛాసీకి, అంటే దాని లోహపు చట్రానికి, కలిసే ఉంటాయి. యాంప్ లోపల లోపం వచ్చి ఛాసీకి కరెంటు పాకితే, ఎర్త్ ఉన్నప్పుడు ఫ్యూజు పోతుంది. లేనప్పుడు అది వాయించేవాళ్ల వేళ్లలోకి వస్తుంది. ఆ క్షణాన ఎర్త్‌కి కలిసి ఉన్న మైకు ముట్టుకుంటే ప్రాణమే పోవచ్చు. రెండు యాంప్‌లు కలిపినప్పుడే హమ్ వస్తుంటే గిటార్ సిగ్నల్‌ను రెండుగా పంచే, ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేషన్ ఉన్న స్ప్లిటర్ వాడండి. ట్యూబ్ యాంప్‌ను మాత్రం విప్పొద్దు, ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు.

ఇక గిటార్. తీగల మీద చెయ్యి వేస్తే బుర్రుమనే శబ్దం తగ్గుతోందా? అయితే బ్రిడ్జ్ ఎర్త్ బాగుంది, షీల్డింగే (బయటి రొదను అడ్డుకునే లోహపు పొర) చాలట్లేదు. ముట్టుకుంటే పెరుగుతోందా? జాక్ (గిటార్‌లో కేబుల్ దూర్చే చోటు) దగ్గర రెండు వైర్లు తారుమారై ఉండొచ్చు. తేడాయే లేకపోతే బ్రిడ్జ్ వైరు ఊడిందేమో చూడాలి: మల్టీమీటర్‌తో బ్రిడ్జ్‌కీ జాక్ స్లీవ్‌కీ (జాక్‌లో ఎర్త్ వైపు భాగం) మధ్య కొలిస్తే దాదాపు 0 ఓమ్‌లు రావాలి. గిటార్‌ని అటూ ఇటూ తిప్పితే హమ్ మారుతోందంటే అది సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే, ఒకే కాయిల్ ఉన్న భాగం) పట్టుకుంటున్న అయస్కాంత క్షేత్రం. రాగి ఫాయిల్ ఎంత అతికించినా అది పోదు. ట్రాన్స్‌ఫార్మర్లకు దూరంగా జరగడమో, హంబకర్ (హమ్‌ను రద్దుచేసే రెండు కాయిళ్ల పికప్) పెట్టడమో చేయాలి.

విప్పక తప్పకపోతే తీగలు వదులు చేసి, వైరింగ్ ఫోటో తీసుకుని, బాడీ మీద గుడ్డ పరవండి. టంకం చుక్క పడితే పాలిష్ కాలుతుంది. పికప్ దగ్గర ఇనుప పనిముట్లు గట్టిగా పట్టుకోండి. అయస్కాంతం లాగేసుకుంటే, వెంట్రుకలాంటి ఆ కాయిల్ తీగ ఒక్క గీతకే తెగుతుంది. పాట్ (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే భాగం) వెనక టంకం వేసేటప్పుడు ముందు ఆ చోటు సాండ్‌పేపర్‌తో గీకి, 40 వాట్ల ఐరన్‌తో మూడు నాలుగు సెకన్లలో ముగించండి. చిన్న ఐరన్‌ని అక్కడే అదిమి ఉంచితే లోపలి ట్రాక్ కాలిపోతుంది. రోజిన్ కోర్ (లోపల రోజిన్ ఫ్లక్స్ ఉన్న) టంకమే వాడండి, యాసిడ్ ఫ్లక్స్ వైర్లను తినేస్తుంది.

ఫాయిల్ అతికిస్తే, కేబుల్ దూర్చినప్పుడు జాక్ టిప్ లగ్ (సిగ్నల్ వైరు అతికే కొస) దానికి తగలకుండా చూడండి. తగిలితే శబ్దమే రాదు. మూత బిగించే ముందే యాంప్‌కి కలిపి, పికప్ సెలెక్టర్ స్విచ్‌ని ఒక్కో స్థానంలో పెడుతూ పికప్‌ల మీద మెల్లగా తట్టి వినండి.