ఏడు కీర్తనలకు హీబ్రూ–తెలుగు పుస్తకం: పేజీ పథకం నుంచి ప్రెస్సు దాకా

నర్సాపురం, పాలకొల్లు, అమలాపురం వైపు ఏ సంఘమైనా, బైబిలు పాఠశాలైనా హీబ్రూ మూలంతో పుస్తకం వేయాలనుకుంటే ఆదికాండంతో మొదలెట్టకండి. సగంలో ఆగిపోతుంది. జర్మన్ హీబ్రూ పండితుడు యోహన్ రాయిఖ్లిన్ 1506లో హీబ్రూ వ్యాకరణం, నిఘంటువు కలిపి పెద్ద పుస్తకం వేస్తే ప్రతులు చాలాకాలం అమ్ముడుపోలేదు. 1512లో టూబింగెన్‌లో ఆయన వేసింది చిన్నది: ఏడు పశ్చాత్తాప కీర్తనలు, మాటకు మాటగా లాటిన్ అర్థంతో. మనకూ ఆ కొలతే సరి. 6, 32, 38, 51, 102, 130, 143 కీర్తనలు తీసుకోండి.

ముందు వచనాలు లెక్కపెట్టండి. హీబ్రూలో ఈ ఏడింటికీ కలిపి 115 వచనాలుంటాయి, తెలుగు బైబిల్లో 110. కీర్తన పైనుండే శీర్షికను హీబ్రూవాళ్లు కొన్నిచోట్ల విడి వచనంగా లెక్కిస్తారు. అందుకే 6, 38, 102 కీర్తనల్లో ఒక్కో అంకె, 51లో రెండు అంకెలు తేడా వస్తాయి. మిగతా మూడింటిలో శీర్షిక మొదటి వచనంలోనే కలిసి ఉంటుంది కాబట్టి తేడా లేదు. 51లో హీబ్రూ 3వ వచనం మన 1వ వచనం. రెండు అంకెలూ వేయండి, హీబ్రూది కుడి అంచున, తెలుగుది ఎడమ అంచున. ఒక్కటే వేస్తే ఆదివారం పుస్తకం తెరిచిన ప్రతివాళ్లూ తప్పు పడిందనుకుంటారు.

హీబ్రూ పాఠానికి 1008 నాటి లెనిన్‌గ్రాడ్ చేతిరాత ప్రతి ఆధారంగా ఉన్న ఎలక్ట్రానిక్ పాఠం ఉచితంగా దొరుకుతుంది. తెలుగు మాత్రం సొంతంగా అనువదించుకోండి. బైబిల్ సొసైటీ పాఠం వాడాలంటే రాతపూర్వక అనుమతి పని మొదలెట్టకముందే చేతిలో ఉండాలి. కార్డినల్ సిస్నెరోస్ ఖర్చు పెట్టి స్పెయిన్‌లోని అల్కలాలో వేయించిన ఆరు సంపుటాల బహుభాషా బైబిలు 1517 జూలైలో అచ్చు ముగిసింది. నవంబరులో ఆయన చనిపోయాడు. పోపు అనుమతి వచ్చింది 1520లో. అన్నాళ్లూ అచ్చయిన కాగితాలు అలా పడి ఉన్నాయి.

పేజీ పథకం తేలాకే అనువాదం మొదలెట్టాలి. సెబాస్టియన్ మున్‌స్టర్ 1534–35లో బాసెల్‌లో హీబ్రూ, లాటిన్ పక్కపక్క నిలువు వరుసల్లో వేశాడు. పెద్ద పేజీకి అది బాగుంటుంది. మన 1/8 డెమ్మీలో తెలుగు వరుస కిందికి సాగిపోయి హీబ్రూ పక్కన సగం ఖాళీ మిగులుతుంది. అల్కలా బైబిల్లో లాటిన్ చాలనిచోట చిన్న సున్నాల గొలుసులు పేర్చి నింపారు. ఇప్పుడలా వేస్తే ఎవరూ ఒప్పుకోరు. కాబట్టి ఆంట్‌వెర్ప్‌లో ప్లాంటిన్ ముద్రించిన బైబిలు (1568–72) కోసం అరియాస్ మొంటానో చేసినట్టు ప్రతి పదానికీ ఆనించి అర్థం పెట్టే పద్ధతి మేలు.

దీనికి కుడి నుంచి ఎడమకు నడిచే టేబుల్ వేయండి. గడికో హీబ్రూ పదం, దాని కింద తెలుగు. వరుసకు 4 గడులు. హీబ్రూ 16 పాయింట్లు, తెలుగు 9. హీబ్రూ స్వర గుర్తులు ఎక్కువగా అక్షరం కింద ఉంటాయి, మన గుడి, ఏత్వం పైన ఉంటాయి; రెండు వరుసల మధ్య చోటు తగ్గితే ఒకదాన్నొకటి తాకి రెండూ చదవరాకుండా పోతాయి. పేజీ అడుగున మామూలు తెలుగు అనువాదం ఇవ్వండి, ఎందుకంటే పైన తెలుగు కూడా కుడి నుంచే చదవాలి. అక్షర పట్టిక, ముందుమాటతో కలిపి 48 పేజీల్లో సరిపోతుంది, అంటే 16 పేజీల ఫారాలు మూడు. సెంటర్ పిన్నుతో కుట్టేయొచ్చు.

మన డీటీపీ సెంటర్లలో ఇంకా పేజ్‌మేకర్, అను ఫాంట్లే ఎక్కువ. హీబ్రూకు అవి పనికిరావు. అక్షరాలు తిరగేసి కొడితే ఒక్క లైను బాగానే కనిపిస్తుంది, లైను మడతపడగానే వాక్యం చివరి భాగం పైకి, మొదలు కిందికి పోతుంది. చూడ్డానికి అంతా హీబ్రూలాగే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టుకోలేరు. లిబ్రెఆఫీస్ గానీ ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ గానీ వాడండి. రెండు లిపులకూ యూనికోడ్ ఫాంట్లే ఉండాలి. హీబ్రూకు ఎజ్రా ఎస్‌ఐఎల్, తెలుగుకు మండలి చాలు.

హీబ్రూ పాఠంలో చదివే రాగాన్ని చూపే గుర్తులు తీసేయండి, అల్కలావాళ్లూ వదిలేశారు. స్వర గుర్తులు మాత్రం ఉంచాలి. అది కష్టమైన పనే. 1477లో బొలోన్యాలో కీర్తనలు అచ్చువేసినవాళ్లు మొదటి కొన్ని కీర్తనలకు గుర్తులు పెట్టి, తర్వాత చాలావరకు మానేశారు.

పదానికి పదం రాయడంలో లాటిన్‌వాళ్లకన్నా మనకు సుఖం. హీబ్రూ పదానికి ముందు అంటుకునేవి మన భాషలో వెనక విభక్తులుగా అంటుకుంటాయి. 51లో మన 1వ వచనానికి ఏడు గడులు: నన్ను కరుణించు / దేవా / నీ కృప చొప్పున / సమృద్ధి చొప్పున / నీ వాత్సల్యాల / తుడిచివేయి / నా అతిక్రమాలను. అడ్డగీతతో కలిసిన జంటను ఒకే గడిగా లెక్కించండి.

ప్రూఫుకు ఇద్దరు కావాలి. ఒకరు మూలంలోంచి అక్షరం పేర్లు చదవాలి, ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టి చూడాలి. ఒకదానిలా ఒకటి కనిపించే అక్షరాలు దాలెత్–రేష్, బేత్–కాఫ్, హే–హేత్, పదం చివర మేమ్–సామెక్ దగ్గర ఎప్పుడూ అనుమానించాలి. వచనానికి ఎన్ని పదాలో విడిగా లెక్క రాసుకుంటే జారిన గడి వెంటనే దొరుకుతుంది.

వానల్లో అచ్చు పెట్టుకోకండి. డెల్టా తేమకు మ్యాప్‌లితో కాగితం షీటు సాగి, రెండో రంగు పక్కకు జరుగుతుంది. తప్పనిసరైతే ఒకే రంగు వేయించి, రీముల చుట్టూ ఉన్న కవరు మిషను ఎక్కేదాకా విప్పొద్దు. ఇంకు కొంచెం తగ్గించమనండి. చిక్కగా పడితే త్సేరె అనే స్వర గుర్తులోని రెండు చుక్కలూ కలిసి అడ్డగీతై, పతాహ్ అనే ఇంకో స్వర గుర్తులా కనిపిస్తుంది, పదమే మారిపోతుంది. మొదటి షీటు మీద భూతద్దంతో ఇదొక్కటి చూసి, ఆ తర్వాతే మిషను నడవనివ్వండి.

దాత పేజీ విడి కాగితంగా ఉంచండి. వెనిస్‌లో డానియెల్ బొంబెర్గ్ 1517 బైబిలును పోపు పదో లియోకు అంకితమిచ్చాడు, యూదులకు అమ్మే ప్రతుల్లో మాత్రం ఆ అంకితం ఉండదు. మీ దాత ఫొటో కూడా ఆయన ఊరి సంఘానికి వెళ్లే ప్రతుల్లో పెట్టి, మిగతావాటిలో తీసేయొచ్చు. ఈ సంగతి డబ్బు తీసుకునే రోజే ఆయనకు చెప్పాలి.