అల్లిసన్ 1000 ట్రాన్స్‌మిషన్ ఆయిల్ మార్చడం ఎలా? వేడి చూడకుండా డిప్‌స్టిక్ తీయకండి

షెవర్లే సిల్వరాడో, జీఎంసీ సియెర్రా హెవీ డ్యూటీ డీజిల్ పికప్‌లలో 2001 నుంచి 2019 మోడల్ వరకు అల్లిసన్ 1000 ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ వచ్చింది. దీని ఆయిల్‌ను ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు. టెక్సస్‌లో ఉంటూ సెలవులకు ట్రైలర్ లాక్కుని వెళ్లే మిత్రులకు ఈ పని చాలాసార్లు చేసిపెట్టాను. ఆయిల్ దించే ప్లగ్ విప్పడం ఎవరికైనా వస్తుంది. అందరూ చెడగొట్టేది చివర్లో మట్టం చూసేటప్పుడే.

ముందుగా ఉష్ణోగ్రత కనిపించే ఏర్పాటు చేసుకోవాలి. డ్యాష్‌బోర్డులో ట్రాన్స్‌మిషన్ గేజ్ లేకపోతే స్టీరింగ్ కిందనున్న ఓబీడీ సాకెట్‌లో పెట్టే రీడర్ కొనుక్కోండి. కొన్ని చౌక రకాలు ఇంజిన్ కూలెంట్ వేడి మాత్రమే చూపిస్తాయి కనుక, అది ట్రాన్స్‌మిషన్ వేడిని చదవగలదని నిర్ధారించుకున్నాకే డబ్బు కట్టాలి. పాన్‌లోని (ట్రాన్స్‌మిషన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోని) ఆయిల్ 160 నుంచి 200 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య, అంటే 71 నుంచి 93 సెల్సియస్ మధ్య ఉంటే బండి హాయిగా ఉన్నట్టు. ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ లాక్ కాకుండా జారుతున్నంతసేపు ఇంజిన్ శక్తిలో కొంత ఆయిల్‌ను చిలకడానికే పోతుంది. ఆ చిలుకుడే వేడి. కొలరాడో వెళ్లే దారిలో 7,834 అడుగుల ఎత్తున్న రాటన్ పాస్‌ను బరువైన ట్రైలర్‌తో ఎక్కేటప్పుడు బరువు లాగేటప్పుడు వాడే టో/హాల్ మీట నొక్కకపోతే గేజ్ ముల్లు ఎలా లేస్తుందో కళ్లారా చూడవచ్చు. 220 ఫారెన్‌హీట్ దాటితే నేను వేగం తగ్గిస్తాను, 250కి చేరితే పక్కకు ఆపి న్యూట్రల్‌లో ఇంజిన్ నడవనిస్తాను.

ఇక మార్చడం. ఆయిల్ గోరువెచ్చగా ఉండగా, చదునైన నేలపై, చక్రాలకు అడ్డుపెట్టి, ఇంజిన్ ఆపి పని మొదలుపెట్టండి. పికప్ ఎత్తుగానే ఉంటుంది కాబట్టి జాకీ అక్కర్లేదు. పాన్ కింది ప్లగ్ విప్పితే సుమారు 7 క్వార్ట్‌లు (క్వార్ట్ అంటే లీటరుకు కాస్త తక్కువ) దిగుతుంది. పాత ఆయిల్‌ను ఖాళీ డబ్బాల్లో పోసి కొలిచి రాసుకోండి. బయట వైపున్న ఫిల్టర్ తిప్పి తీయగానే దాని మూతి దగ్గరున్న ఉంగరంలాంటి అయస్కాంతాన్ని తీసి, తుడిచి, కొత్త ఫిల్టర్‌కు పెట్టడం మరవకండి. దాని మీద కాటుకలాంటి బూడిదరంగు పూత సహజమే. వేలికి గుచ్చుకునే లోహపు రేకులు కనిపిస్తే మాత్రం ఆయిల్ మార్పుతో తీరే జబ్బు కాదది. పాత ఫిల్టర్ రబ్బరు అక్కడే అతుక్కుని ఉండిపోలేదని చూసుకుని, కొత్తదాని రబ్బరుకు ఆయిల్ రాసి, అది తగిలాక చేత్తో సరిగ్గా ఒక చుట్టు బిగించాలి.

కొత్త ఆయిల్ జీఎం ప్రమాణమైన డెక్స్‌రాన్ 6 గానీ, అల్లిసన్ టీఈఎస్ 295 ప్రమాణానికి సరిపోయే సింథటిక్ గానీ కావాలి. నా ఓటు రెండోదానికే. మొత్తం వ్యవస్థలో సుమారు 12 క్వార్ట్‌లుంటే దిగేది 7 మాత్రమే కనుక, ఒక్కసారి మారిస్తే నూటికి 42 పాళ్లు పాతదే మిగులుతుంది. కొన్నాళ్లు నడిపి ఇంకోసారి మారిస్తే అది 17 పాళ్లకు తగ్గుతుంది. అందుకే యంత్రంతో ఫ్లష్ చేయించడంకన్నా రెండుసార్లు దించి పోయడమే మేలు. దిగిన సరుకు ఎలా ఉందో మన కళ్లతో చూసుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. దిగినదానికన్నా అర క్వార్ట్ తక్కువే పోసి ఇంజిన్ స్టార్ట్ చేయండి. బ్రేక్ తొక్కి ఒక్కో గేర్‌లో మూడేసి సెకన్లు ఆగుతూ లివర్ తిప్పి, పార్క్‌లో పెట్టి, మట్టం కొలిచే పుల్ల అయిన డిప్‌స్టిక్ మీద చల్లని ఆయిల్‌కు, వేడి ఆయిల్‌కు వేర్వేరుగా ఉండే గీతల్లో చల్లని గీత దగ్గర ఒకసారి చూడండి. ఆ కొలత రోడ్డెక్కడానికి సరిపోయేంత ఆయిల్ ఉందా అని తెలుసుకోవడానికే తప్ప తుది తీర్పు కాదు. వేడెక్కితే ఆయిల్ ఉబ్బుతుంది. చల్లగా ఉన్నప్పుడు వేడి గీత దాకా పోసినవారు నిజానికి అధికంగా పోసినట్టే. ఇంజిన్ ఆపి చూసినవారికి కన్వర్టర్ నుంచీ కూలర్ నుంచీ పాన్‌లోకి జారిన ఆయిల్ కలిసి, మట్టం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

మొదట్లో నేనూ ఇలాగే వాకిట్లో చల్లని బండికి వేడి గీత దాకా నింపాను. ఇరవై మైళ్లు తిరిగి వచ్చేసరికి గాలిగొట్టం నుంచి నురగ కక్కి, కాంక్రీటు మీద ఎర్రటి మడుగు కట్టింది. ఎక్కువైతే తిరిగే భాగాలు ఆయిల్‌ను నురగ చేస్తాయి, తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. రెండు దారులూ క్లచ్‌లు జారడం దగ్గరికే వెళ్తాయి.

కాబట్టి బండిని నడిపి పాన్ ఉష్ణోగ్రత 160 దాటనివ్వండి, 200 మించనివ్వకండి. చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ నడుస్తుండగానే పార్క్‌లో కొలవండి. నూలు రాలని గుడ్డతో డిప్‌స్టిక్ తుడిచి, పూర్తిగా దించి తీసి, రెండు వైపులా చూసి ఏది తక్కువైతే దాన్నే నమ్మండి. గొట్టం గోడకు అంటిన ఆయిల్ రెండో వైపు అబద్ధం చెబుతుంది. తగ్గితే అర క్వార్ట్ చొప్పునే పోసి, రెండు నిమిషాలాగి మళ్లీ చూడండి. పొడవాటి గరాటా తొందరగా వంచకండి, వెనక్కి చిమ్ముతుంది. వారం తర్వాత అదే వేడిలో ఇంకోసారి కొలిచి, ఫిల్టర్ అంచునూ ప్లగ్‌నూ టార్చ్ వేసి చూడండి.