బస్సు హారన్ కన్నా ముందే బూట్లు

మాది నల్లగొండ, పానగల్ వైపు. స్కూలు బస్సు 7:40కి మా సందు మొదట్లో ఆగుతుంది. రెండో తరగతి చదివే మా చిన్నోడికీ నాకూ ఆరున్నర నుంచే లొల్లి. ఒకరోజు ఒంటి సాక్సు కోసం ఇల్లంతా వెతికేసరికి బస్సు వెళ్లిపోయింది. ఆటో ఖర్చు, వాడి ఏడుపు, నా తలనొప్పి.

ఆలోచిస్తే గడబిడ రాత్రే మొదలవుతోంది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలంటారు డాక్టర్లు. మావాడు ఫోన్ చూస్తూ పదిన్నరకు పడుకుంటే దక్కేది ఎనిమిదే. ఇప్పుడు తొమ్మిదికల్లా లైటు ఆర్పేస్తున్నాం. మొదటి వారం ఇల్లు దద్దరిల్లింది, అది వేరే సంగతి.

రాత్రి అన్నం తిన్నాక యూనిఫాం, బెల్టు, ఐడీ కార్డు వాడే కుర్చీ మీద పెడతాడు. సాక్సులు మాత్రం బూట్లలోనే దూర్చాలి. పొద్దున ఉప్మానా, అటుకులా అన్నదీ అప్పుడే అడిగేస్తా, తెల్లారాక మాట మార్చేది లేదు. "లే, లే" అని అరవడం మానేసి, కిటికీ తెరిచి పక్కన కూర్చుంటా. "ఇంత గారాబమా?" అని మా అత్తమ్మ నవ్వింది.

నిన్న హారన్ వినపడేసరికి వాడు గేటు దగ్గరున్నాడు. "అమ్మా, టిఫిన్ డబ్బా మర్చిపోయినవ్!" అని నన్నే కేకేశాడు.