సొంత ఊరి ఎన్నికకు బెంగళూరు నుంచి చందా పంపేవారికి

ఎన్నికలు వచ్చాయంటే చాలు, మారతహళ్లిలో ఉంటున్న మా కదిరి వాళ్లం ఎవరో ఒకరి ఫోన్‌పేకు తలా కొంత వేసి, మొత్తం కలిపి ఊరికి పంపేవాళ్లం. ఒకసారి నేను పదివేలు వేశాను. రసీదు మాత్రం డబ్బు పోగుచేసిన మిత్రుడి పేరున వచ్చింది. ఆదాయపు పన్ను రిటర్ను వేసేటప్పుడు చూపించుకోవడానికి నా దగ్గర కాగితమే లేదు. అందుకే చందా ఎంత చిన్నదైనా ఎవరి ఖాతా నుంచి వారే పంపుకోవాలి.

ఇచ్చేది పార్టీకా, అభ్యర్థికా అన్నది ముందే తేల్చుకోండి. 80జీజీసీ సెక్షన్ కింద పన్ను మినహాయింపు 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం నమోదైన పార్టీకి గానీ, ఎలక్టోరల్ ట్రస్టుకు (చందాలు తీసుకుని పార్టీలకు పంచే సంస్థ) గానీ ఇచ్చిన మొత్తానికే వర్తిస్తుంది. అదీ పాత పన్ను విధానంలో ఉన్నవారికే. అభ్యర్థికి నేరుగా ఇస్తే మినహాయింపు ఉండదు. ఆ డబ్బును ఎన్నికల ఖర్చు కోసం ఆయన విడిగా తెరిచిన బ్యాంకు ఖాతాకే పంపాలి, ఎందుకంటే ఫలితం వెలువడిన 30 రోజుల్లోగా ఆయన లెక్క అప్పగించాలి.

నగదు జోలికి పోకండి. నగదుగా ఇచ్చినదానికి మినహాయింపు రాదు. చెక్కు, నెఫ్ట్, యూపీఐ ఏదైనా సరే, పార్టీ పేరున ఉన్న ఖాతాకే వెళ్లాలి గానీ స్థానిక నాయకుడి సొంత నంబరుకు కాదు. రసీదులో మీ పేరు, పాన్, తేదీ, మొత్తం సరిగా ఉన్నాయో లేదో అక్కడికక్కడే చూసుకోండి. రిటర్నులో లావాదేవీ నంబరు, బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కోడు కూడా నింపాల్సి ఉంటుంది కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంటును రసీదుతో కలిపి దాచుకోవడం మంచిది. ఒక ఆర్థిక సంవత్సరంలో 20,000 రూపాయలు దాటి ఇచ్చినవారి పేర్లను పార్టీ ఎన్నికల సంఘానికి తెలపాలి, ఆ వివరాలను ఎవరైనా చూడవచ్చు. పేరు బయటపడటం ఇష్టం లేనివారు ఇది తెలిసే ఇవ్వాలి.

కొంత కమీషన్ పట్టుకుని మిగతాది తిరిగి ఇచ్చేస్తాం, రసీదు మాత్రం పూర్తి మొత్తానికి రాసిస్తాం అని ఆఫీసుల్లో తిరిగే మనుషులుంటారు. అది పన్ను ఎగవేతే. పేరుకే మిగిలిన 334 పార్టీలను ఎన్నికల సంఘం 2025 ఆగస్టులో జాబితా నుంచి తీసేసింది. మీరు ఇవ్వబోయే పార్టీ ఇంకా నమోదులో ఉందో లేదో సంఘం వెబ్‌సైటులో చూసుకున్నాకే డబ్బు పంపండి.

అమెరికా పౌరసత్వం తీసుకున్న బావగారో మరిదిగారో తమ వాటాను మీ ఖాతా ద్వారా పంపమంటే, మొహమాటపడకుండా కాదనండి. విదేశీ పౌరుల డబ్బు తీసుకోవడం పార్టీలకు, అభ్యర్థులకు నిషిద్ధం. అక్కడ ఉద్యోగం చేస్తున్నా భారత పాస్‌పోర్టే ఉన్నవారైతే తమ ఖాతా నుంచి తామే పంపుకోవచ్చు.