చిల్లరలో పాత బిళ్ల వచ్చిందా? ముందు కల్దారో హాలీయో తేల్చుకోండి

కిరాణా కొట్టులో ఇచ్చిన చిల్లరలో వింత బిళ్ల కనపడగానే చాలామంది ఫోన్ తీసి ధర వెతుకుతారు, అక్కడ లక్షలు కనిపించేసరికి టెన్షన్ మొదలవుతుంది. ధర తర్వాత చూద్దాం. వరంగల్ 1948 దాకా నిజాం రాజ్యంలో ఉంది కాబట్టి ఇక్కడి ఇళ్లలో రెండు రకాల పాత పైసలు మిగిలాయి: నిజాం కొట్టించిన హాలీ సిక్కా, మన పెద్దలు కల్దార్ అనే ఇంగ్లీషోళ్ల డబ్బు. ఏడు హాలీ రూపాయలు ఇస్తే సుమారు ఆరు కల్దార్లు వచ్చేవి.

సమస్య: రాజు తల లేదు, చార్మినార్ ఉంది, అంకెలు అర్థం కావట్లేదు.
అది హాలీ. అంకెలు ఉర్దూవి, సంవత్సరం హిజ్రీ. ఎవరితోనైనా చదివించుకుని 0.97తో గుణించి 622 కలపండి, 1362 అని ఉంటే 1943 వస్తుంది. చార్మినార్ వాకిట్లో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది చూడండి, మీమ్ అయితే నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం, ఐన్ అయితే ఉస్మాన్ అలీ ఖాన్ కాలం, అంటే 1911 తర్వాతది.

సమస్య: కల్దార్ రూపాయే, కానీ వెండిదో కాదో తెలియట్లేదు.
ఇక్కడ సంవత్సరమే అన్నీ చెప్తుంది. విక్టోరియా రాణి నుంచి 1939 దాకా వచ్చిన రూపాయిలో 91.7 శాతం వెండి. యుద్ధకాలంలో, 1940 నుంచి 1945 దాకా, సగమే వెండి. 1947 నాటి పులి బొమ్మ రూపాయిలో అసలు వెండే లేదు, అది నికెల్, అయస్కాంతానికి అతుక్కుంటుంది. అంతకు ముందటి రూపాయి కూడా అతుక్కుంటే అది నకిలీ. కంసాలి దగ్గర తూకం వేయించండి, 11.66 గ్రాములకు దగ్గరగా ఉండాలి, అరిగితే కాస్త తగ్గుతుంది. 1939 దాకా వచ్చిన రకంలో దాదాపు 10.7 గ్రాముల వెండి ఉంటుంది, దాన్ని ఈరోజు రేటుతో గుణిస్తే వచ్చేదే కనీస ధర, అంతకు తక్కువకు అస్సలు ఇవ్వకండి. 1911 అని ఉంటే మాత్రం ఆగండి. ఆ ఏడు ఐదో జార్జి అంగీ మీద చెక్కిన ఏనుగు పందిలా కనపడుతోందని జనం మండిపడితే సర్కారు దాన్ని ఆపి, 1912లో ఏనుగును సరిగ్గా చెక్కించింది. సేకరించేవాళ్లు దానికి వెండి ధర కంటే ఎక్కువే పెడతారు.

సమస్య: ఈస్ట్ ఇండియా కంపెనీ, 1818 అని ఉంది, రాముడో హనుమంతుడో ఉన్నాడు.
కంపెనీ అలాంటి అణాలు ముద్రించలేదు, తర్వాత ఎవరో చేసి అమ్మినవి. పూజలో పెట్టుకోండి, డబ్బు పెట్టి కొనకండి.

సమస్య: నల్లబడింది, మెరిపిస్తే ఎక్కువ వస్తుందేమో.
రాదు, తగ్గుతుంది! చింతపండు, బూడిద, పీచు ఏదీ తాకించొద్దు. గీతలు పడి, పాత రంగు పోతే కొనేవాడు ముందు అదే పట్టుకుంటాడు. మట్టి ఉంటే మంచినీళ్లలో నానబెట్టి, రుద్దకుండా గుడ్డతో అద్ది, కాగితం కవర్లో పెట్టండి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు వద్దు, వాటిలో ఉంటే ఆకుపచ్చ జిగురు పడుతుంది.

సమస్య: లక్షలిస్తామని ఫోన్ వచ్చింది, ముందు ఫీజు కట్టమంటున్నారు.
మోసం. పాత నాణేల పేరుతో తమ పేరు వాడి ఫీజులు, పన్నులు అడిగేవాళ్లను నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. ఆ నంబరు బ్లాక్ చేసి, ఇద్దరు ముగ్గురు నాణేల వ్యాపారులకు బిళ్లను నేరుగా చూపించి అడగండి.